పంటి మీద గీత

మేస్త్రి బ్రష్ కొసను నాలుకతో తడపబోయి ఆగాడు. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు, ఒకపట్టాన పోదు. డాక్టరమ్మ చూసినప్పుడల్లా, "అది నోట్లోకి వెళ్ళేదే గానీ మీ నోట్లోకి కాదు మేస్త్రిగారూ," అంటుంది. గ్లాసు నీళ్ళలో ముంచి, చూపుడువేలి మీద దులిపి, కొసను సూదిలా చేసుకున్నాడు. ఎదురుగా కిటికీ గట్టు మీద ప్లాస్టర్‌తో పోసిన దవడ అచ్చు ఉంది. అందులో పై వరుసన ఎదురుగా ఉండే రెండు పళ్ళలో కుడివైపుది పింగాణీది. మిగతావన్నీ ప్లాస్టరే.

ఆ పింగాణీ పన్ను అతని భార్యది. ఇప్పటికి రెండుసార్లు చేసి పారేశాడు. మొదటిది కొలిమిలోంచి మాడిన రొట్టెలా వచ్చింది. రెండోదాని మీద గీత నారింజరంగుకు తిరిగింది. ఇది మూడోది. మధ్యాహ్నం మూడింటికల్లా ఇది కుదరకపోతే ఇక కుదిరినా ఒకటే, కుదరకపోయినా ఒకటే. సాయంత్రం అతని అత్తగారికి కొత్త కళ్ళజోడు వస్తుంది.

అతను పనిచేసేది పళ్ళ ఆసుపత్రి వెనకగదిలో. ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి తిరగాల్సినంత గది. బల్ల మీద, కుర్చీ మీద, గోడనున్న క్యాలెండరు మీద, అతని కనుబొమల మీద కూడా సన్నని తెల్లదుమ్ము ఉంటుంది. రోజంతా ప్లాస్టర్ కలుపుతాడు కనక ఎవరో ఒకప్పుడు మేస్త్రి అన్నారు, అదే పేరైపోయింది. నాలుగు గోడలు కట్టకపోయినా నాలుగు వేల దవడలు కట్టి ఉంటాడు. అతని ముఖం రోగుల్లో సగంమంది చూసి ఉండరు. అతను చేసిన పళ్ళతోనే బజారులో బేరాలాడుతుంటారు, పెళ్ళాల మీద అరుస్తుంటారు. దారిలో అలాంటివాళ్ళు ఎదురైతే మేస్త్రి మొహం చూడడు, నోరు చూసి గుర్తుపడతాడు.

ఇప్పుడు చూపు మునుపటిలా లేదు. ఎడమకంటికి అన్నీ కొంచెం పసుపుపచ్చగా కనిపిస్తున్నాయి. రంగు కలిపే పని పదింటి నుంచి పదకొండున్నర లోపల, ఎదురింటి గోడ మీద పడి తిరిగొచ్చే వెలుతురులోనే పెట్టుకుంటున్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నడుము సంగతీ చెప్పలేదు. చెప్పి చేసేదేముంది అనుకుంటాడు, అదొక్కటే అతనికున్న వేదాంతం.

మామూలుగా అందరి పళ్ళూ పదహారు రంగుల్లో ఏదో ఒకదానికి దగ్గరగా ఉంటాయి. పదహారు పింగాణీ పళ్ళు వరుసగా గుచ్చిన పట్టీ ఒకటుంది. రోగి పెదవి పైకెత్తి, పట్టీని పక్కన పెట్టి, ఏది కలిస్తే ఆ అంకె రాసుకోవడమే. భార్య పన్ను ఆ పదహారింట్లోనూ లేదు. అడుగున లేత పసుపు. పైన అక్కడక్కడ సుద్ద చల్లినట్టు తెల్లమచ్చలు. చిగురుకి కాస్త దిగువన, ఈ అంచు నుంచి ఆ అంచుకి, కొద్దిగా ఏటవాలుగా, ముదురు గోధుమరంగు గీత. ఆ గీత ఆమె పై పళ్ళు నాలుగింటి మీదా ఉంది. కుడి పన్ను మీద మాత్రం బాగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

పెళ్ళైన కొత్తలో నవ్వొచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి అడ్డం పెట్టుకునేది. ముప్ఫై ఏళ్ళైనా పెట్టుకుంటూనే ఉంది. "నాలుగు క్యాపులు, నాలుగు రోజుల పని. ఎవరికీ తెలియకుండా చేసేస్తాను," అని మేస్త్రి మొదటి ఏడాదే అడిగాడు. తరవాత చూద్దాం అంది. కూతురు పుట్టాక అడిగాడు, కూతురు పెద్దదయ్యాక అడిగాడు, కూతురి పెళ్ళికి ముందు గట్టిగా అడిగాడు. తరవాత చూద్దాం. మూడిళ్ళు మారారు. ప్రతి ఇంటికీ ఆమె మొదట అడిగింది గదులెన్ని అని కాదు, నీళ్ళు ఎక్కడివి అని. కూతురి పళ్ళు ముత్యాల్లా వచ్చాయి. తన పళ్ళు మాత్రం అలాగే ఉంచుకుంది.

అత్తగారు పదిహేనేళ్ళుగా వాళ్ళ దగ్గరే ఉంటోంది. "ఊరందరికీ పళ్ళు కడతావు బాబూ, నా కూతురి దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాదు. దీపం కింద చీకటంటే ఇదే," అని నెలకోసారైనా ఎత్తిపొడిచేది. భార్య వెంటనే, "నాకు సూది అంటే భయం అమ్మా," అని మాట మార్చేది. కూతుర్ని కన్న మనిషి సూదికి భయపడుతుందా? మేస్త్రికి లోపల ముల్లులా ఉండేది. తన చేతిపని మీద పెళ్ళానికి నమ్మకం లేదనే అనుకున్నాడు. పైకి అనలేదు. అనకుండా అనకుండా ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి.

తొమ్మిది రోజుల కిందట భార్య ముసలావిడని స్నానాలగదిలో స్టూలు మీంచి లేపుతుంటే, ఆవిడ లేచే ఊపులో ఆవిడ నడినెత్తి భార్య మూతికి తగిలింది. పన్ను సగానికి విరిగింది. ముసలావిడకి ఆ దెబ్బ తెలియను కూడా తెలియలేదు. కంటి ఆపరేషనై వారం కూడా కాలేదప్పటికి, అంతా మసక. "ఏమైందే?" అంది. నోట్లో నెత్తురు మింగి, "ఏం లేదమ్మా, సబ్బు జారింది," అంది భార్య.

డాక్టరమ్మ పన్ను అరగదీసి అచ్చు తీసుకుని, పైన తాత్కాలికంగా ప్లాస్టిక్ తొడుగు పెట్టి, "ఎలాగూ ఒకటి చేస్తున్నాం, నాలుగూ చేసేద్దాం. తెల్లగా, చక్కగా ఉంటాయి," అంది. ఆమె తలూపింది, అడ్డంగా. "వద్దమ్మా. ఇది ఒక్కటే చాలు. ముందు ఎలా ఉండేదో అచ్చం అలాగే కావాలి. ఆ గీతతో సహా."

డాక్టరమ్మ మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి నేల వైపు చూశాడు. ఇంటికొచ్చాక వంటింట్లో మొదటిసారి గొంతు పెంచాడు. మరక తీయించుకోవడానికి జనం క్యూ కడుతుంటే మరక పెట్టమని అడిగే మనిషిని నిన్నే చూశానన్నాడు. ఆమె పొయ్యి కట్టేసి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పింది.

"నాకంటే ముందు మా అమ్మకి ఒక పిల్లాడు. కాలవ నీళ్ళు తాగి విరేచనాలు పట్టుకుని మూడు రోజుల్లో పోయాడు. నేను పుట్టాక కాలవ నీళ్ళు నా నోటికి తగలనివ్వలేదు అమ్మ. రైలుపట్టాల అవతల బోరింగు ఉండేది. అద్దంలాంటి నీళ్ళు, అడుగున గింజ పడ్డా కనిపించేది. పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె. ఎండైనా వానైనా తనే మోసుకొచ్చేది. కాలవ నీళ్ళు తను తాగి, ఆ బోరింగు నీళ్ళు నాకు పట్టేది."

"ఆ బోరింగు నీళ్ళ వల్లేనా?"

"మీకు తెలియదా? రోజూ మీ డాక్టరమ్మ చెప్పేదేగా. నాకు పదహారేళ్ళప్పుడు ఎవరో వచ్చి నీళ్ళు పరీక్ష చేసి బోరింగుకి ఎర్రరంగు పూసి వెళ్ళారు. పక్కన బోర్డు పెట్టారు, పిల్లల పళ్ళు గారపడతాయి, తాగొద్దని. అమ్మకి చదువు రాదు. ఏం రాశారే అంది. బోరింగు పాడైందట అన్నాను. ఇప్పుడు నేను పళ్ళు మార్పించుకుంటే ఏమైందని అడుగుతుంది. ఏం చెప్పమంటారు? నువ్వు మోసిన నీళ్ళ వల్లేనమ్మా అననా? ఇదేమో మళ్ళీ ఆవిడ తల తగిలే విరిగింది. కళ్ళజోడు వచ్చేలోగా దీన్ని ఎలా ఉన్నదాన్ని అలా చేసి ఇవ్వండి. మీ చేతిలో పనేగా."

మీ చేతిలో పనేగా అన్న మాట అతనికి ఆ రోజంతా చెవిలో ఉండిపోయింది. తన చేతి మీద ఆమెకి అనుమానమే లేదు. ఈ ఒక్క ముక్క ముప్ఫై ఏళ్ళ కిందట చెప్పి ఉంటే తను ఇంకాస్త మంచి మొగుడిగా ఉండేవాడేమో అనుకున్నాడు. తొమ్మిది రోజుల నుంచి ఆమె పంటినొప్పి అని నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని తల్లికి అన్నం పెడుతోంది, మాట్లాడితే ప్లాస్టిక్ తొడుగు ఊడుతుందని సైగలు చేస్తోంది. మసక కళ్ళ తల్లికి సైగలు చేసి ఏం లాభం? అయినా చేస్తోంది.

"మేస్త్రిగారూ, పట్టీ పట్రండి."

డాక్టరమ్మ పిలుపుతో బ్రష్ పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. ముందుగదిలో కుర్చీలో బస్సు కండక్టరు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. డ్యూటీకి ఎనిమిది టీలు, ఒక పెట్టె సిగరెట్లు అని అతని పళ్ళే చెబుతున్నాయి. ముందు పన్ను ఒకటి పుచ్చిపోయి క్యాపు కావాల్సి వచ్చింది. మేస్త్రి పట్టీ దగ్గర పెట్టి చూసి పన్నెండో పన్ను మీద వేలు పెట్టాడు.

కండక్టరు అద్దంలో చూసుకుని మొహం ముడిచాడు. "ఇదేంటండీ, ఇంత పచ్చగా. ఆ మొదటిది వేయండి. అంతకంటే తెల్లది లేదా?"

"ఉంటే మాత్రం పక్క పళ్ళు ఒప్పుకోవద్దూ? నోరు తెరిస్తే బస్సు లైటు వేసినట్టుంటుంది. పళ్ళంటే గోడలా నాయనా, సున్నం కొట్టడానికి?"

కండక్టరుకే నవ్వొచ్చింది. డాక్టరమ్మ మాస్కు లాక్కుని పాఠం మొదలుపెట్టింది. మేస్త్రి పట్టీ తుడుచుకుంటూ వెనకగదికి నడిచాడు, పలకల గోడ అవతలి నుంచి ఆ పాఠం వినబడుతూనే ఉంది. టీ తాగగానే నీళ్ళతో పుక్కిలించాలి. సిగరెట్టు మానితే సగం మరక అదే ఆగుతుంది. ఇటుకపొడీ బొగ్గూ పెట్టి తోమితే మరకతో పాటు పన్నూ అరుగుతుంది. మెత్తటి బ్రష్, రోజుకి రెండుసార్లు. ఏళ్ళ తరబడి విని విని మేస్త్రి పెదవులు వాటంతటవే కదులుతుంటాయి. కండక్టరు తన కొడుకు గురించి ఏదో అడిగాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలి లోపల నరం చచ్చిపోతే పన్ను బూడిదరంగుకు తిరుగుతుందట, తీసుకురమ్మంది. "పైన పట్టిన మరక వేరు, లోపల పట్టింది వేరు. పళ్ళు చిగుళ్ళలో తయారవుతున్నప్పుడు, ఎనిమిదేళ్ళ లోపల, కొన్ని మందులు వాడినా, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా రంగు లోపలే పట్టేస్తుంది. తోమితే పోదు. ఆ వయసులోనే జాగ్రత్తపడాలి. మీ ఇంట్లో నీళ్ళు ఎక్కడివి?"

నీళ్ళు ఎక్కడివి. మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు. గోడ మీద వెలుతురు ఇంకో పావుగంట ఉంటుంది.

గాజుపలక మీద గోధుమరంగు పొడి, చిటికెడు నలుపు, సూదిమొనంత ఎరుపు కలిపాడు. కొలిమి ఎరుపును పెంచుతుంది, అందుకని ఈసారి దాన్ని తగ్గించాడు. ఫోనులో భార్య పాత ఫోటో ఉంది గానీ ఫోను రంగుల్ని అతను నమ్మడు. చూడాల్సిన అవసరమూ లేదు. తన అరచేతిలో గీతలు ఎలా ఉంటాయో చెప్పమంటే చెప్పలేడు, ఆ గీత మాత్రం కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. ఊపిరి బిగబట్టి, చిటికెన వేలు అచ్చుకి ఆనించి, ఎడమ అంచు నుంచి లాగాడు. మధ్యలో కాస్త చిక్కబడి, చివర సన్నబడి, ఏటవాలుగా.

చెయ్యి ఆగకుండా వెళ్ళింది. ఇంత సులువుగా ఎలా వెళ్ళిందా అని అతనికే ఆశ్చర్యమేసింది. మొదటి రెండూ రంగు చెడ్డాయి గానీ గీత ఒక్కసారీ చెడలేదు. చేతికి ఈ గీత ముందే అలవాటు. ఎక్కడ?

బ్రష్ గాలిలోనే ఉండిపోయింది.

పన్నెండేళ్ళ కిందట అత్తగారికి కట్టుడుపళ్ళు చేశాడు. ఆవిడ సొంత పళ్ళు ఊడేదాకా తెల్లగానే ఉండేవి. పెద్దయ్యాక ఆ ఊరి కాపురానికి వచ్చిన మనిషి, నీళ్ళు ఏవైనా ఆవిడ పళ్ళకి రంగు పట్టే వయసు దాటిపోయింది. మైనంలో పళ్ళు గుచ్చి నోట్లో పెట్టి చూస్తున్నప్పుడు, గదిలో ఇంకెవరూ లేనప్పుడు, ఆవిడ అడిగింది.

"బాబూ, ముందు పన్ను మీద అమ్మాయికి ఉన్నట్టు చిన్న గీత పెడతావా?"

"అందరూ తీయించుకుంటారు అత్తయ్యా, మీరేమిటి పెట్టించుకుంటానంటారు?"

"మరీ కట్టుడుపళ్ళలా కనిపించకూడదు కదా. అమ్మాయితో అనకు, నవ్వుతుంది."

అప్పుడు మేస్త్రి మురిసిపోయాడు. ఇన్నేళ్ళకి తన పనితనం తెలిసిన మనిషి దొరికిందనుకున్నాడు. ఇంటికెళ్ళి భార్య నిద్రపోతున్నప్పుడు పెదవి పైకెత్తి గీత చూసుకుని మరీ వచ్చి వేశాడు. పైన పూత పూసి మెరుగుపెట్టి ఇచ్చాడు. తరవాత మర్చిపోయాడు. భార్య మాత్రం ఆదివారం ఆదివారం ఆ పళ్ళు సబ్బుతో తోముతూ, "ఈ టీ మరక ఎంత రుద్దినా పోదేమిటమ్మా, టీ తగ్గించమంటే వినవు," అని సణుగుతుండేది. తల్లి కిక్కురుమనేది కాదు.

టీ తగ్గించింది కూడా.

మేస్త్రి బ్రష్‌ని గ్లాసులో పెట్టాడు. చదువు రానివాళ్ళకి చెవులుంటాయి. బోరింగుకి రంగు పూసినవాణ్ణే అడిగి ఉంటుంది, లేకపోతే బిందెతో నిలబడ్డ పక్కింటావిడ చెప్పి ఉంటుంది. ఎప్పుడో తెలిసిపోయింది ఆవిడకి. నెలనెలా దీపం కింద చీకటి అని ఎత్తిపొడిచింది తనని కాదు, కూతురి పళ్ళు బాగుచెయ్యమని వేడుకుంది. కూతురు వినకపోయేసరికి ఆ గీతని తన నోట్లోకి తెచ్చుకుంది. తల్లికి తెలియకూడదని కూతురు, తనకి తెలిసినట్టు కూతురికి తెలియకూడదని తల్లి. మధ్యలో రంగుపెట్టెతో తను.

ఇప్పుడు ఈ గీత తుడిచేసి, తెల్లటి పన్ను చేసి, ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పేస్తే? దూదితో ఒక్క తుడుపు చాలు. మేస్త్రి దూది చేతిలోకి తీసుకున్నాడు కూడా. కానీ ఆమె మూడింటికి వస్తుంది. గీత కోసం తొమ్మిది రోజులు ఎదురుచూసి వస్తుంది. బయట రోగులుంటారు, డాక్టరమ్మ ఉంటుంది. ఇలాంటిది నిలబడి చెప్పే మాట కాదు. నడుము లాగేస్తోంది, కంట్లో నీరు కారుతోంది. రాత్రి అన్నాలయ్యాక ఇద్దరూ ఉన్నప్పుడు నిదానంగా చెబుదాం అనుకున్నాడు. అతని బతుకులో ముఖ్యమైన మాటలన్నీ అన్నాలయ్యాకకే వాయిదా పడుతుంటాయి. అన్నాలయ్యాక నిద్రొస్తుంది.

దూది పారేసి పన్నుని కొలిమిలో పెట్టాడు.

భార్య మూడింటికి ఐదు నిమిషాల ముందే వచ్చింది, రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని. డాక్టరమ్మ ప్లాస్టిక్ తొడుగు తీసి, కొత్త పన్ను పెట్టి, వెలుతురు ఇటూ అటూ తిప్పి చూసింది. "ఏది మీదో ఏది మేస్త్రిగారిదో నాకే తెలియట్లేదు," అంది. ఆవిడకి పొగడడం పెద్దగా రాదు, అదే ఎక్కువ. భార్య అద్దం తీసుకుని చాలాసేపు చూసుకుంది. నాలుకతో తడిమింది. మేస్త్రి తలుపు దగ్గరే నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. అద్దంలోంచే అతని వైపు చూసి ఆమె కళ్ళతో నవ్వింది. పాతికేళ్ళ వయసులో కూడా ఎవరూ తనని అలా చూసినట్టు అతనికి గుర్తులేదు. చెప్పాల్సిన మాట రాత్రికే ఉంచుకుని, తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు.

దారిలో కళ్ళజోళ్ళ కొట్టు దగ్గర ఆగారు. ఆమె రుమాలు మడిచి సంచిలో పెట్టేసింది. నడుస్తూ నడుస్తూ మాట్లాడుతూనే ఉంది, తొమ్మిది రోజుల మాటలు. పాలవాడు, పక్కింటి కుళాయి, కూతురి ఫోను. మేస్త్రి ఊ కొడుతున్నాడు. ఆమె ఇంత వాగుడుకాయ అని మర్చిపోయానే అనుకున్నాడు, హాయిగా ఉంది.

ముసలావిడ మంచం మీద కూర్చుని గోడకి ఆనుకుని ఉంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, పిడికెడంత అయిపోయింది. మేస్త్రి కళ్ళజోడు పెట్టి చెవుల వెనక సరిచేశాడు. ఆవిడ ముందు కిటికీ చూసింది, తరవాత తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. అప్పుడు కూతురి వైపు తిరిగింది.

"ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే?"

కూతురికి నవ్వొచ్చింది. చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళ్ళింది.

"చెయ్యి తియ్యి. ఏదీ, చూడనీ."

కూతురు చెయ్యి తీసింది. మేస్త్రి ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు, గీత లాగేటప్పుడు బిగబట్టినట్టే. ముసలావిడ ముందుకి వంగి, కూతురి గడ్డం పట్టుకుని, చాలాసేపు చూసింది. ఆ కళ్ళకి ఏం దొరికిందో ఏమో. తరవాత అద్దాల మీంచి అల్లుడి వైపు చూసింది.

"ఉన్నది ఉన్నట్టే ఉంది," అంది. "నీకు ఓపికెక్కువ బాబూ. వెళ్ళి మొహం కడుక్కో, పిండిమిల్లులోంచి వచ్చినవాడిలా ఉన్నావు."

కూతురు గట్టిగా ఊపిరి వదిలింది. వంటింట్లోకి వెళ్తూ మేస్త్రి చెయ్యి ఒకసారి నొక్కింది. గండం గడిచిందని ఆమె సంబరం. ముసలావిడ కళ్ళజోడు తీసి మడిచి దిండు పక్కన పెట్టింది. నోట్లోంచి పళ్ళు తీసి, ఎప్పటిలాగే చెయ్యి చాటు చేసుకుని, గ్లాసులో వేసింది. "కాసేపు నడుం వాలుస్తాను. టీకి లేపకండి. ఈ మధ్య సయించట్లేదు," అంది గోడ వైపు తిరుగుతూ.

లేపలేదు. ఆరు దాటాక దీపం వేయడానికి వెళ్ళిన భార్య పిలుపు వినబడింది. పెద్దగా ఏమీ కాదు, మామూలు గొంతే.

"ఏవండీ, ఒకసారి రండి."

మేస్త్రి వెళ్ళేసరికి ఆమె తల్లి చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుని ఉంది. వీధి చివర ఉండే కాంపౌండరు వచ్చి, నాడి చూసి, కంట్లో లైటు వేసి చూసి, చెప్పులు వేసుకోకుండానే కాసేపు గుమ్మంలో నిలబడి వెళ్ళాడు. మేస్త్రి కూతురికి ఫోను చేశాడు. పక్కింటివాళ్ళు వచ్చి కుర్చీలు సర్దారు. భార్య ఏడవలేదు. లేచి, పక్క సరిచేసి, తల్లి జుట్టు దువ్వి, బోసినోటితో లోపలికి పోయిన బుగ్గల్ని చూసి ఆగింది.

"పిల్ల వచ్చేసరికి ఇలా ఉండకూడదు. పళ్ళు పెట్టాలి. మీరు పెడతారా?"

పెడతానన్నాడు. ఆమె గ్లాసు తీసుకుని వంటింటి కుళాయి దగ్గరికి వెళ్ళింది. పాత బ్రష్ మీద సబ్బు రాసి ఆ పళ్ళు తోమడం మొదలుపెట్టింది. మేస్త్రి వెనకాలే వెళ్ళి నిలబడ్డాడు. ఆమె ముందు పన్ను దగ్గరే ఆగి రుద్దుతోంది, వేళ్ళు తెల్లబడేలా రుద్దుతోంది. "ఈ పాడు మరక. ఇవాళైనా పోవద్దూ," అంది.

"రుద్దకు," అన్నాడు మేస్త్రి. "అది మరక కాదు."

ఆమె వెనక్కి తిరిగింది.

"గీత. నేనే పెట్టాను. ఆవిడే అడిగి పెట్టించుకుంది, అమ్మాయికి ఉన్నట్టే పెట్టమని. పన్నెండేళ్ళయింది. ఎందుకడిగిందో నాకు ఇవాళ పొద్దునదాకా తెలియలేదు. నీళ్ళ సంగతి ఆవిడకి తెలుసు. రాత్రి అన్నాలయ్యాక చెబుదామనుకున్నాను. బాగా అలసిపోయి..." అలసిపోవడం ఒక కారణంలా వినబడటం లేదు అతనికే.

ఆమె తిట్టలేదు. కుళాయి కట్టేసింది. అరచేతిలో ఉన్న పళ్ళని దీపం వైపు ఎత్తి చూసింది. ఎడమ అంచు నుంచి మొదలై, మధ్యలో కాస్త చిక్కబడి, చివర సన్నబడి, ఏటవాలుగా. నాలుక కొస తన పన్ను మీదికి వెళ్ళింది, అక్కడ గీత చేతికీ నాలుకకీ తగలదు, నునుపుగానే ఉంటుంది. అయినా తడిమి చూసుకుంది.

"ఇదీ మోసిందన్నమాట," అంది.

అక్కడే, గిన్నెల మధ్య, నేల మీద కూర్చుని ఏడ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మేస్త్రి కూడా నడుము పట్టుకుని నెమ్మదిగా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి బయట ఎవరో మేస్త్రిగారూ అని పిలిచారు. లేవబోతూ పళ్ళ కోసం చెయ్యి చాపాడు.

"వద్దులెండి," అంది ఆమె. "అమ్మని అలాగే పంపిద్దాం. ఇవి నా దగ్గర ఉండనీ."

గ్లాసులో పాతనీళ్ళు పారబోసి, కడిగి, మళ్ళీ నిండా పట్టి కిటికీలో పెట్టింది. అడుగుదాకా కనిపించే తేటనీళ్ళలో ముసలావిడ పళ్ళు, ముందు పన్ను మీద ఆ గోధుమరంగు గీత.